చోవా చూ కాంగ్‌లో మిరియాల పాదులు

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను సెంగ్‌కాంగ్‌లో మా ఇంటి నుంచి చోవా చూ కాంగ్‌కి తీసుకువెళ్ళింది. అక్కడ కార్లు పెట్టుకునే మేడ పైకప్పు మీద కుర్రకారు కొందరు చేరి మిరియాల తీగలు పెంచుతున్నారట. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా పండిన పంటను, మందులూ మాకులూ లేకుండా, మళ్ళీ పండించాలని వాళ్ళ పట్టుదల. లిఫ్టు దిగి, వరసగా నిలబెట్టిన గుంజలనూ వాటిని పట్టుకుని పాకిన తీగలనూ చూడగానే నేను చెప్పులు విప్పి ఓ పక్కన పెట్టేశాను. ఎందుకు విప్పానో నాకే ఓ క్షణం ఆగి గానీ తట్టలేదు.

మాది గుంటూరు వైపు తమలపాకు తోటల ఊరు. ఆకుతోటలోకి చెప్పులతో అడుగుపెట్టడం మా ఇళ్ళల్లో ఎరగం. గుడి ఎంతో తోట అంత, ఆ మాటకొస్తే మా నాన్న గుడి దగ్గరన్నా ఓసారి మరిచిపోయేవారేమో గానీ తోట దగ్గర మరిచిపోయినవారు కారు.

మేం సింగపూరు వచ్చింది, కంప్యూటరు కోర్సు చేసినవాణ్ణల్లా విమానం ఎక్కించిన రోజుల్లో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం బెంబేలెత్తింది, ఆ బెంబేలే మా వారికి ఉద్యోగం ఇచ్చింది. పెట్టెలో కుక్కరూ, గోంగూర పచ్చడి సీసా, రెండు జతల కొత్త బూట్లూ పెట్టుకుని వచ్చినవాళ్ళం మీలోనూ చాలామంది ఉంటారు, కాబట్టి ఆ కథ మళ్ళీ చెప్పను. చోవా చూ కాంగ్‌లో పదో అంతస్తులో అద్దెకు దిగాం. ఇంటి యజమాని ఓ చీనా పెద్దాయన, అందరూ పిలిచినట్టే మేమూ ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. ఊరి చివర లీజు నేలలో ఆకుకూరలు పండించేవాడు. వారానికోసారి నాలుగు కట్టలు తెచ్చి మా గుమ్మానికి తగిలించి, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయేవాడు.

ఆ కూరమళ్ళ పక్కన చిన్న మిట్ట మీద ఆయన మిరియాలు పెట్టాడు. ఆయన తాత చీనా నుంచి ఓడలో వచ్చి ఆ చుట్టుపక్కలే మిరియాల తోటలో కూలి చేసి, చివరికి సొంతంగా నాలుగు గుంజలు పాతుకున్నవాడట. ఆ తోటలన్నీ ఎప్పుడో పోయాయి. తాత పండించినట్టే, పురుగుమందు చుక్క తగలకుండా పండించి, తొలి కాపులో గుప్పెడు తీసుకెళ్ళి తాత సమాధి దగ్గర పెట్టాలని అంకుల్ కోరిక. చెంగ్ బెంగ్ అని వాళ్ళకో పండగ ఉంది, పెద్దల సమాధులు శుభ్రం చేసి వాళ్ళకిష్టమైనవి వడ్డిస్తారు. మూడేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని సాకితే ఆ ఏడే తీగలు గుత్తులు వేశాయి, పండగకి రెండు నెలలు కూడా లేదు.

సరిగ్గా అప్పుడే మా నాన్న మమ్మల్ని చూడడానికి వచ్చారు. నాలుగు రోజులు ఫ్లాటులో కాలుగాలిన పిల్లిలా తిరిగితే, చూడలేక అంకుల్ తోటకి తీసుకెళ్ళాను. మిరియాల తీగ ఆకు చూసి నాన్న ముఖం వెలిగిపోయింది. మన తమలపాకు తోబుట్టువే కదమ్మా ఇది అన్నారు. చెప్పులు విప్పి లోపలికి నడిచారు. అంకుల్ మొదట నవ్వాడు, మర్నాటి నుంచి తనూ రబ్బరు బూట్లు గట్టు మీద విప్పి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దస్తమానం ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. నేను వెళ్ళిన రోజున మాత్రం మాటలు అటూ ఇటూ అందించేదాన్ని.

అది వానల్లేని కాలం, తీగలు తల వేలాడేశాయి. తమలపాకు తీగకి పొద్దుటా సాయంత్రం కాళ్ళు తడుస్తూ ఉండాలి, అది మా వాళ్ళ రక్తంలో ఉన్న మాట. నాన్న పార అడిగి, ప్రతి గుంజ చుట్టూ లోతుగా పాదు చేసి, నీళ్ళు కదలకుండా గట్టు కట్టారు. అంకుల్ ఆనందంగా బిందెలతో నీళ్ళు మోశాడు. వారం తిరిగేసరికి తీగలు కళకళలాడుతుంటే ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఒకే సిగరెట్టు పంచుకున్నారు.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. మీకు తెలుసు కదా ఇక్కడి వాన, కుండపోత. పాదుల్లో నీళ్ళు నిలిచాయి. ఆకులు ఒక్కొక్కటే పసుపుబారాయి, కణుపులు నల్లగా మారి పుల్లల్లా విరిగాయి, పచ్చి గుత్తులు నేలరాలాయి. నాన్న ఓ తీగ మొదట్లో వేలు పెట్టి మట్టి తీసి వాసన చూసి, అలాగే బురదలో కూర్చుండిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గట్లు తెంచారు, కాలవలు తీశారు. మా ఊళ్ళో అయితే మైలుతుత్తం, సున్నం కలిపి పోస్తాం, పోయమని చెప్పు అని నన్ను బతిమాలారు. పక్క తోటవాడు మందు డబ్బా తెచ్చిచ్చాడు. అంకుల్ దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, తాతకి పెట్టేది కదా అని వెనక్కి ఇచ్చేశాడు. ఏం చెయ్యాలో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. రోజూ వెళ్ళి చచ్చిపోయే తీగలను చూసి రావడం తప్ప మేం చేయగలిగింది లేదు, నాకైతే బస్సెక్కగానే ఏడుపొచ్చేది.

చెంగ్ బెంగ్ నాడు అంకుల్ మమ్మల్నీ శ్మశానానికి రమ్మన్నాడు. తాత సమాధి కడిగి, అన్నం, బత్తాయిలు, టీ కప్పులు వరసగా పెట్టాడు. వాటి మధ్య ఓ చిన్న పింగాణీ సాసరు ఖాళీగా పెట్టాడు. అదెందుకో నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మాయ్, నా చేతులారా చంపుకున్నానని చెప్పమ్మా ఆయనకి," అన్నారు.

నేను చెప్పాను. అంకుల్ ఖాళీ సాసరును టీ కప్పుల వరసలోకి జరిపి అన్నాడు:

"యువర్ ఫాదర్ డోంట్ నో, ఐ ఆల్సో డోంట్ నో. హూ నో, ఆల్ డై ఆల్రెడీ లా."

ఏమంటున్నాడమ్మా అని నాన్న అడిగారు. మీకూ తెలియదట, తనకీ తెలియదట, తెలిసినవాళ్ళందరూ ఎప్పుడో పోయారట అని చెప్పాను.

మర్నాడు అంకుల్ ఎండిన తీగలన్నీ పీకి కుప్పేశాడు. చచ్చిన తోటే అయినా బూట్లు గట్టు మీద విప్పే వెళ్ళాడు. కొన్నేళ్ళకి ఆ లీజూ ముగిసింది, ఆయనా పోయాడు. నాన్న ఊరికి వెళ్ళాక ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు గానీ, ఎవరైనా పాదు చేస్తుంటే చూడలేక లేచి అవతలకి వెళ్ళిపోయేవారని అమ్మ అనేది. ఇప్పుడు ఆయనా లేరు.

ఆదివారం నాడు ఆ పైకప్పు మీద ఓ చీనా పిల్ల, మా వాళ్ళకి ఆకుతోటలుండేవని విని, నీళ్ళు ఎంత పోయాలి ఆంటీ అని అడిగింది. ఎంత పోయాలో నాకు తెలియదమ్మా, నిలవనియ్యకండి, అదొక్కటే తెలుసు అన్నాను. ఆ పిల్ల నవ్వి, మట్టిలో గుచ్చిన చిన్న పరికరం చూపించింది. తడి ఎక్కువైతే తన ఫోను మోగుతుందట. మంచిదే. ఇద్దరు పెద్దవాళ్ళు ఒక తోటంతా పోగొట్టుకుని నేర్చుకున్న ఒక్క ముక్క నా దగ్గర మిగిలితే, ఇప్పుడు దాని అవసరమే ఎవరికీ లేదు. వచ్చేస్తుంటే ఆ పిల్లే నా చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, నేను మరిచిపోయాననుకుంది పాపం. కాలికి మురికి అంటుతుంది ఆంటీ, వేసుకోండి అని నా పాదాల ముందు పెట్టింది. ఏమని చెప్పను, ఆ తీగల మధ్యే నిలబడి వేసుకున్నాను.