గంపలో వేరే ఏడు

పర్చూరు దగ్గర మా అక్క వాళ్ల ఊరికి నేను వెళ్లేసరికి కుండ పొయ్యి మీద ఉడుకుతోంది. నాలుగు రోజులు ముసురు పట్టాక, వంటకని పెరట్లో పేర్చిన పత్తి కట్టె మీద పుట్టగొడుగులు లేచాయి. బావ గంపెడు కోసుకొచ్చాడు. సగం కుండలో పడ్డాయి, సగం గంపలో ఉన్నాయి.

నేను గంప ముందు కూర్చున్నాను. కట్టె మీద పుట్టేవాటిలో తినదగ్గ ముత్యపుచిప్ప పుట్టగొడుగుకు నేను అయిదు గుర్తులు చూస్తాను. చచ్చిన కట్టె మీదే గుత్తులుగా పుట్టాలి. కాడ పొట్టిగా, ఒక పక్కకు ఉండాలి. గొడుగు కింది మడతలు కాడ మీదికి జారి ఉండాలి. కాడకు ఉంగరంలాంటిది గానీ, అడుగున సంచిలాంటిది గానీ ఉండకూడదు. కాగితం మీద బోర్లించి కొన్ని గంటలు ఉంచితే రాలే పొడి తెల్లగా ఉండాలి. అయిదింటిలో ఒకటి తప్పినా నాకు సున్నాయే.

గంపలో పంతొమ్మిది ఉన్నాయి. పన్నెండింటికి పైకి కనబడే నాలుగు గుర్తులూ సరిపోయాయి. ఏడింటికి కాడ నిటారుగా నడిమధ్యన ఉంది, కాడకు ఉంగరం ఉంది, అడుగున మట్టి ఉంది. అవి కట్టె పక్కన నేల మీద మొలిచినవి. కుండలోకి అలాంటివి ఎన్ని వెళ్లాయో ఇక లెక్కకు అందదు.

"కూర దించెయ్ అక్కా. పారబోయాలి."

"వెండి పట్టీ వేసి చూశాంరా. నల్లబడలా."

"పట్టీకేం తెలుసే?"

బావ నవ్వాడు. "మన కారానికి ఏ విషం బతుకుద్దిరా? రెండు గరిటెలు రుచి చూశా. చచ్చానా?"

అక్క కూతుళ్లిద్దరూ అప్పటికే కంచాల ముందు కూర్చున్నారు. నేను కుండ మీద చెయ్యి వేశాను. బావ లాగి చెంప మీద కొట్టాడు.

"నా ఇంట్లో నా కూడు పారబోయడానికి నువ్వెవడివిరా?"

నేను కుండను కాలితో తన్నాను. మరుగుతున్న పులుసు నా పాదం మీదా అతని మోకాళ్ల మీదా పడింది. అతను పత్తి కట్టె తీసుకుని, అది విరిగేదాకా నా వీపు మీద కొట్టాడు. నేను అతని మెడ పట్టి గోడకు నొక్కి నోటి మీద గుద్దాను. పెదవి చీలింది. మధ్యకు వచ్చిన అక్కను ఎవరి మోచెయ్యి తగిలి పడేసిందో ఇద్దరికీ తెలియదు.

కూర రుచి చూసిన గంటన్నరకు బావకు వాంతులు మొదలయ్యాయి. పదకొండోదానిలో నెత్తురు జీర కనబడింది. మిగిలిన ఆ ఏడింటినీ సంచిలో వేసుకుని, అక్కతో కలిసి అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు అతని పెదవి చూశాడు, నా చెంప చూశాడు. "ఇంట్లో గొడవా? ఏ పురుగుమందు తాగాడు?"

"తాగలేదండీ," అంది అక్క.

"అందరూ అదే అంటారమ్మా. కేసవుద్దని భయపడకండి."

పత్తి చేల మధ్య ఉన్న ఆసుపత్రిలో ఆ అనుమానం తప్పు కాదు. నర్సు అప్పటికే పురుగుమందుకు ఇచ్చే విరుగుడు సూదిలోకి ఎక్కిస్తోంది. నేను సంచిని బల్ల మీద బోర్లించాను.

"రెండు గరిటెలు తిన్నాడండీ. గంటన్నరకు మొదలైంది. గొడవ అంతకుముందే, దీని గురించే."

డాక్టరు ఒకదాన్ని తిప్పి చూశాడు. మడతలు ఆకుపచ్చకు తిరుగుతున్నాయి. బావ నోటి దగ్గర వాసన చూశాడు, టార్చి వేసి కళ్లు చూశాడు. పురుగుమందు వాసన లేదు, కంటిపాపలు చిన్నబడలేదు. "ఆ సూది ఆపమ్మా. సెలైన్ పెట్టు."

బావ నా చొక్కా పట్టుకుని దగ్గరకు లాగాడు. చంపుతాడేమో అనుకున్నాను.

"పిల్లలు తిన్నారా?"

"లేదు."

"ఒక్క ముక్కన్నా?"

"కుండ నేలపాలైందిగా బావా. ఒక్కటీ తినలా."

అతను చొక్కా వదిలి బేసిన్ అందుకున్నాడు. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ఒక వాంతికీ ఇంకొకదానికీ మధ్య ఆరు నిమిషాలు. తరువాత తొమ్మిది. తరువాత ఇరవై రెండు. ఆ తరువాత గంట దాటినా రాలేదు.