కలువకు

సింగపూర్ టోవా పాయోలో మా కింది అంతస్తులో ఉండే ఆంటీకి తొంభై ఏడేళ్ళు. మలయాలోని జొహోర్ రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. ఆమెకు చూపు తగ్గాక, శనివారం మధ్యాహ్నాలు నేను వెళ్ళి పద్యాలు చదివి వినిపించేదాన్ని. నేను బడి మొహం చూడలేదు. అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి చెప్పిన చదువే నాది. అది ఒకరికి అక్కరకు వస్తోందంటే స్వామి దయే అనుకుంటూ మెట్లు దిగేదాన్ని.

ఆ శనివారం ఆంటీ పద్యాలు వద్దంది.

"మకాన్ అయిందా, తిన్నావా? అయితే కూచో. ఇవి చదువు," అంటూ ఐసీ గుర్తింపు కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు కాగితం ముక్కలు తీసింది.

జపాను వాళ్ళ కాలంలో ఇంగ్లీషు పేపర్లో పడిన చిన్న ప్రకటనలవి. సింగపూర్లో ఒక కొట్లో గుమాస్తాగా ఉన్న తెలుగాయన, పదహారేళ్ళ ఆంటీ కోసం వేయించినవి. ఉత్తరం రాస్తే ఆమె తండ్రి చేతిలో పడుతుంది. అందుకని, తప్పిపోయిన చుట్టాలకు కబురు పెట్టినట్టు నాలుగేసి మాటలు, కింద గుర్తుగా 'ఎర్ర గొడుగు'. ఆంటీకి చదువు రాదు. తోట ఆఫీసు ఊడ్చే వాళ్ళక్క ఆ పేపర్లు తెచ్చి, కూడబలుక్కుని చదివి చెప్పేదట.

మూడింటిలో క్షేమం, ఓపిక పట్టు, దారి చూస్తున్నా. అన్నీ ఇంగ్లీషే. నాలుగోదానిలో మొదటి మాట మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"కలువకు సండే ఫోర్ స్టేషన్," అని చదివి, "కలువ ఎవరాంటీ?" అన్నాను.

ఆంటీ నవ్వింది. "ఎవరేంటి! కలువకు అంటే కలవొద్దని. మా తోటలో అట్లాగే అంటాం. నీ పుస్తకాల తెలుగు నా దగ్గర చూపించకు."

అక్కడితో ఊరుకోవలసింది. "కాదాంటీ, ఉత్తరం పైన అమ్మకు, అక్కకు అని రాస్తామే, అట్లా అనిపించింది," అన్నాను.

ఆమె చెయ్యి కవరు మీదే ఆగిపోయింది.

"నన్ను కలువా అని పిలిచేవాడు. రెండుసార్లో, మూడుసార్లో. అదేం పిచ్చి పేరని తిట్టాను."

సోఫాలో ఫోను చూసుకుంటున్న మనవరాలు తలెత్తింది. "సేమ్ స్పెల్లింగ్ లా, అమ్మమ్మా. వాట్ డిఫరెన్స్?"

తేడా ఏమిటో ఆంటీయే చెప్పింది. ఆ ఆదివారం జొహోర్ స్టేషన్లో జపాను సోల్జర్లు దొరికిన మగవాళ్ళనల్లా లారీలెక్కించి సయాంలో రైలు దారి వేసే పనికి తీసుకుపోయారు. ఆ తర్వాత ఆయన జాడ లేదు. ముందే తెలిసి తనను రావద్దన్నాడని, ఆయన కూడా వేరే దారిన తప్పించుకుని ఎక్కడో బతికే ఉంటాడని ఆంటీ ఇన్నేళ్ళూ అనుకుంది. ఆయన పేరు మీద రోజూ ఒక దీపం కూడా పెట్టేది, మేలు చేశాడని.

"కలవొద్దనే అయి ఉంటుందాంటీ. కలువకు తర్వాత చుక్క లేదు, గీత లేదు," అన్నాను గాభరాగా.

"శనివారం పూట అబద్ధమాడకు."

"అబద్ధం కాదు. నాకు నిజంగా తెలీదు."

"లారీలొచ్చింది ఆరింటికి," అంది. "నాలుక్కే నేను వెళ్ళుంటే, ఇద్దరం ఏదో ఒక బండెక్కి పోయేవాళ్ళం. రెండు గంటలు నిలబడ్డాడా అమ్మాయ్, నా కోసం?"

ఆమె చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని, కాగితం మళ్ళీ నా వైపు తోసింది.

"ఇంకోసారి చదువు. కలువకు అన్నాక కాస్త ఆగి, తర్వాతది చదువు."

ఆగి చదివాను.