సైకిలు లాంటి స్కూటరుకు నా టోకెన్ నంబరు

సైకిలుకు మునిసిపాలిటీ బిళ్ళ లేకపోతే చక్రాల్లో గాలి తీసేసే రోజులు నాకు బాగా గుర్తు. దీపం లేకుండా వెళ్ళినా అంతే, వెనక ఇంకో మనిషిని ఎక్కించుకున్నా అంతే. గాలి పోయిన సైకిలు నడిపించుకుంటూ ఎన్నిసార్లు ఇంటికొచ్చానో! నా చదువు అయిదో తరగతితో సరి. కానీ స్టీలు ప్లాంటులో క్రేను మీద కూర్చుని, పని లేని వేళ చేతికందిన కాగితమల్లా చదివాను. అందుకే చట్టం సంగతిలో ఎవరి మాటా నమ్మను. నేనే చదువుకుంటాను.

ఎడమ కంటికి చూపు తగ్గిందని నా లైసెన్సు పొడిగించలేదు. అప్పటికే మా ఆవిడకు రెండు మోకాళ్ళూ పట్టేశాయి. కూర్మన్నపాలెంలో ఇల్లు, గాజువాకలో ఫిజియోథెరపీ, వారానికి మూడు రోజులు. బస్సు మెట్టు ఆమె ఎక్కలేదు. ఆటో ఎక్కితే గుంతకో కేక. అప్పుడు నియమాలు తెప్పించి చదివాను. గంటకు పాతిక కిలోమీటర్లు దాటకుండా, మోటారు రెండు వందల యాభై వాట్లు మించకుండా ఉండే కరెంటు బండి అసలు మోటారు వాహనమే కాదట. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు. సైకిలుతో సమానం. అలాంటిదే ఒకటి కొన్నాను. రూలు మూడు పేజీలూ ప్రింటు తీయించి సంచిలో పెట్టుకున్నాను.

ఆ మూడు పేజీలూ చదివిన పోలీసు ఒక్కడూ లేడు. "నంబరేదీ?" అని ఆపుతాడు. నేను కాగితాలు తీస్తాను. తిరగేసి, వెనక ఏమీ లేదని చూసి ఇచ్చేస్తాడు, పంపేస్తాడు. ఈలోగా మా ఆవిడ ఎండలో కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉంటుంది. అంతసేపు నిలబడితే చేయించుకున్న వైద్యమంతా వృథా.

మా బావమరిది ప్లాంటులో పెయింటరు. యంత్రాల మీద నంబర్లు రాసి రాసి రిటైరయ్యాడు. అక్కడ పంపుకు నంబరు, వాల్వుకు నంబరు, కుర్చీకి నంబరు, మనిషికీ నంబరు, దాన్నే టోకెన్ నంబరు అంటారు.

"ఏటి బావా రోజూ ఈ గోల? ఓ నంబరు రాసెట్టేత్తే పోద్ది కదా."

"చట్టప్రకారం అక్కర్లేదురా."

"సట్టానికి కాదు బావా, ఆల కళ్ళకి."

"ఏ నంబరు రాస్తావు?"

"నీ టోకెన్ నంబరుంది కదేటి. ముప్పై ఏళ్ళు మోసినావు. అది ఎవుడిదీ కాదు, నీదే."

ఆ తర్కం నాకు నచ్చింది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కరెంటు బళ్ళకుండేలాంటి ఆకుపచ్చ రేకు మీద తెల్లటి నాలుగంకెలు, ప్లాంటు అక్షరాల కొలతలతో రాసి, క్రేనుకు సరిపోయే బోల్టులతో బిగించాడు. నెలరోజులు మమ్మల్ని ఒక్కడూ ఆపలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం కుర్ర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మాస్టారూ, ఎనకాల మామ్మగారికి హెల్మెట్టేదీ?" జరిమానా రాద్దామని చేతిలో యంత్రం నొక్కాడు. అది మా నంబరు తీసుకోలేదు. "నాలుగంకెలేటండీ ఇవి? ముందర ఏపీ అని రాట్టం అచ్చరాలేవీ?"

"లేవు. అది టోకెన్ నంబరు."

"బండికి టోకెనేటి?"

"బండికి కాదు, నాకు."

ఎస్సైని పిలిచాడు. ఆయన వచ్చి మూడు పేజీలూ నిలబడి చదివాడు. చదివిన మొదటి పోలీసు! నాకు గౌరవం కలగబోయింది.

"పెద్దాయనా, నంబరు లేకపోతే ఇది సైకిలే. మీ తప్పేమీ లేదు. నంబరుంది కాబట్టి మోటారు బండి. మోటారు బండి కాబట్టి ఇది దొంగ నంబరు."

"మీవాళ్ళు ఆపుతున్నారనే కదండీ పెట్టింది!"

"లేనప్పుడు ఆపి వదిలేశారు. ఉంటే వదలడం కుదరదు." బండిని స్టేషనుకు తోలమన్నాడు.

మా ఆవిడే స్తంభం దగ్గర నుంచి అంది: "తీసికెల్లండి బాబూ. రేపట్నుంచి నన్ను ఎవులు తీసికెల్తారో ఆ పేరు కూడా రాసెట్టండి."

ఎస్సై ఆమె మోకాళ్ళ కట్లు చూశాడు. కాసేపు మీసం సవరించుకున్నాడు. బండి నిజంగా పాతిక దాటదని తేలితే ఆలోచిస్తానన్నాడు. వేగం కొలిచే తుపాకి ఎక్కుపెట్టారు. లారీల కోసం పెట్టిన ఆ పరికరం మమ్మల్ని కదిలే వస్తువుగానే గుర్తించలేదు. చివరికి హోంగార్డును పక్కన పరిగెత్తమన్నాడు.

"పొద్దున్నే ఆరు గారెలు తినేసినానండి సార్!"

"అయితే మరీ మంచిది. నువ్వు గెలిస్తే సైకిలు."

నేనూ మా ఆవిడా ఎక్కాం. ముందున్నది ఎత్తు రోడ్డు. పల్లం వైపు పెట్టి ఉంటే సంగతి వేరు. ఆ మాట నేను అనలేదు. టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. "ఎయ్ గారెలూ, తొక్కెయ్!" అని ఒకటే కేకలు. సగం దూరంలో హోంగార్డు మమ్మల్ని దాటేశాడు. దాటి, వెనక్కి తిరిగి, మా కోసం ఆగాడు కూడా.

"హోంగార్డు కన్నా వెనకబడ్డదాన్ని మోటారు వాహనమని నేను రాయలేను," అన్నాడు ఎస్సై. "ఆ రేకు తీసేసి వెళ్ళండి."

బావమరిది బిగించిన బోల్టులు ఊడదీయడానికి పంక్చర్ షాపు నుంచి రెండు రకాల స్పానర్లు తేవలసి వచ్చింది. ఈలోగా కుర్ర కానిస్టేబుల్, "సార్, సైకిలయితే మరి డబుల్సు..." అని మొదలుపెట్టాడు. ఎస్సై వాడి వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. ఆ పాత రూలు నాకు వాడికన్నా బాగా తెలుసు. నేనూ మూసుకున్నాను.

రేకు మా ఆవిడ సంచిలో వేసుకుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర ఇంకో పోలీసు. "నంబరేదీ?"

నేను మూడు పేజీల కోసం సంచిలో చెయ్యి పెట్టేలోగా ఆమె రేకు తీసి ఆయన ముఖం ముందు పట్టింది. ఆయన నాలుగంకెలూ చదివి తల ఊపాడు. "ఊడిపోనాదేటి? బిగించుకోండి. ఎల్లండి ఎల్లండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చదివిన రూలుకు విలువ లేదా? ఆ రేకు ఎందుకు ఉండకూడదో ఆయనకు అక్కడే వివరించాలని బండి పక్కకు తిప్పబోయాను. వెనక నుంచి మా ఆవిడ భుజం మీద పొడిచింది.

"మీ సట్టం తర్వాత సెప్పుకోండి. నా టైమైపోతంది, పోనియ్యండి."

పోనిచ్చాను. పాతిక దాటకుండా.