అక్క గొంతుకు చేసిన ఖాళీ

ఈ ఉదయం నా ఫోను తెర మీద, చోటు నిండిపోయింది, అక్కర్లేనివి తీసేయండి అని వస్తే, కూడబలుక్కుని చదివి, ఏదీ తీసేయకుండానే పక్కన పెట్టాను. అందులో ఉన్నవన్నీ పలక ఫోటోలే.

ఫిల్మ్ నగర్‌లోని ఒక డబ్బింగ్ స్టూడియోలో ఊడ్చి, తుడిచి, టీ కప్పులు కడిగే పని నాది. మా అక్క అక్కడే గుంపు గొంతులు చెప్పేది. సినిమాలో పెళ్ళివారి సందడి, సంతలో బేరాలు, అన్నింటి వెనకా ఆమె ఉండేది. ఇద్దరం కొండ కింద ఒక్క గదిలో ఉండేవాళ్ళం. కాళ్ళు చాపుకునే చోటు లేని ఆ గదిలో కోపమైనా నవ్వైనా దాచుకునే వీలుండేది కాదు, అప్పటికప్పుడే అనేసుకునేవాళ్ళం.

అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ అయితే ఇక మాట రాదన్నారు. ఆసుపత్రికి వెళ్ళే రోజు మధ్యాహ్నం ఇంజనీరు సారు ఆమెను పిలిపించి, పాత ఫైళ్ళు బోలెడు చెరిపి, డిస్కులో ఆమె గొంతుకు చోటు చేశారు. అక్క మైకు ముందు నిలబడి, "ఏందే చెల్లే, గా కప్పులు అరిగిపోతయ్, జర గీడికి రా" అని నన్నే ఆటపట్టించింది.

సారు ఫైలు దాచి, స్విచ్చుబోర్డు మీద ఒక కాగితం అంటించి, అక్కను ఆటో ఎక్కించడానికి వెళ్ళారు. గది ఖాళీ అయితే మెయిన్ స్విచ్చు ఆపడం నా అలవాటు. కాగితం మీద 'ఆపవద్దు' అని ఉందట. అప్పటికి నాకు చదువు రాదు. ఆపేశాను.

సారు వచ్చి తిరిగి వేసి చూస్తే ఫైలు పేరు ఉంది, లోపల ఏమీ లేదు. ఇద్దరం ఆసుపత్రికి పరుగెత్తేసరికి అక్కను ఆపరేషన్‌కు తీసుకెళ్ళిపోయారు.

తర్వాత ఆయనే చెప్పారు. "ఈ కంప్యూటరూ నీలాంటిదేనమ్మా. కడిగిన కప్పు కడిగినట్టు అలమరలో పెట్టవు కదా. చోటుందో లేదో చూసుకుని, ట్రేలో ఉంచి, అన్నీ ఒకేసారి సర్దుతావు. ఇదీ అంతే. సర్దేలోపు కరెంటు పోతే ట్రేలో ఉన్నది పోతుంది."

"చోటు తక్కువుంటే సార్?"

"అప్పుడు ఆలస్యం చేయదు. వచ్చింది వచ్చినట్టు రాసేస్తుంది." అన్నారు. ఆ రోజు ఖాళీ చేసింది ఆయనే.

అక్కకు మాట పోయాక, మాట్లాడుకోవడానికని ఇద్దరం పలక కొనుక్కుని అక్షరాలు నేర్చుకున్నాం. అక్క రాసిన ప్రతి మాటనూ చెరిపే ముందు ఫోనులో ఫోటో తీసుకునేదాన్ని. వెంగళరావు నగర్‌లో కాస్త పెద్ద ఇంటికి మారాం. ఒకరోజు అక్క పలక మీద, నా గొంతు ఉన్నదా అని రాసింది. పేరైతే ఉంది కదా అనుకుని, ఉన్నది అని రాశాను. నిజం రేపు చెబుదామనుకున్నాను. అలా రేపనుకుంటూ ఉండగానే అక్క కన్నుమూసింది.

ఇప్పుడు ఇంట్లో చోటుకు కొదవ లేదు. అప్పటికప్పుడు అనేయడానికి పక్కన మనిషి లేదు. అందుకే ఫోనునైనా ఇరుకుగానే ఉండనిస్తున్నాను.