మడత తప్పిన చీర

ఇంటర్ చదివే రోజులవి. బాన్సువాడలో చదువురాని మా అమ్మ బీడీలు చుడుతుంటే, పక్కన కూర్చుని వారపత్రికలో పాఠకులు రాసే ఈ పేజీ చదివి వినిపించేదాన్ని. అప్పటికి అందరికీ నేను అబ్బాయినే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని అద్దం ముందు మురిసిపోయే సంగతి, స్రవంతి అని పేరు పెట్టుకుని రాసి పంపాను. అచ్చయింది! ఆ వారం గబుక్కున పేజీ తిప్పేయబోయాను.

“ఏందిరా, గది ఇడిసిపెడ్తున్నవ్?” అంది అమ్మ.

చదవడం మొదలుపెట్టాను. చీర దగ్గరికి రాగానే ఆకు కత్తిరిస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

“పెట్టెల చీర మడత తప్పినప్పుడే సమజైంది. కుచ్చిళ్లు నేను నేర్పుత. ఇగ చదువు, బిడ్డా.”

అమ్మ ఇప్పుడు లేదు. స్రవంతి ఇప్పుడు నా అసలు పేరు. కుచ్చిళ్లు మాత్రం అమ్మ పెట్టినంత కుదురుగా నాకింకా రావు.