పొగమంచులో డప్పు, రొట్టెల పొయ్యి

గురువారం మధ్యాహ్నం రెండింటికి సౌదీలోని దమ్మామ్‌లో బస్సెక్కాం. ‘గడ్డపార’ బృందానికి మేనేజర్‌ని నేనే. పాట రాదు, తాళం రాదు. జగిత్యాలలో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ని, బేరం వచ్చు. బస్సు టికెట్ మీదా బేరమాడి, వెనక వరుస సీట్లు తెచ్చి మావాళ్లతో తిట్లు తిన్నాను.

మా బృందం అంటే షట్టరింగ్ కార్పెంటర్ మల్లేశం డప్పు, ఏసీ మెకానిక్ నర్సింలు ఎలక్ట్రిక్ గిటారు. మొదటి ఆల్బమ్ ‘బంకు బెడ్డు’ లేబర్ క్యాంపు గదిలో ఫోన్ మీద రికార్డయింది. డప్పు ముందు నడుస్తుంది, గిటారు దాని వెంట గొణుగుతుంది. ఇప్పుడు ఏ క్యాంపులో కుర్రాళ్లు వాయించినా అదే నడక. రెండో ఆల్బమ్‌కి స్టూడియోవాళ్ల మాట విని డప్పు బదులు ఎలక్ట్రానిక్ ప్యాడ్ పెట్టారు. మా క్యాంపులోనే ఎవరూ రెండోసారి వినలేదు. మూడోది ‘ఎండదెబ్బ’లో డప్పు తిరిగొచ్చింది.

శుక్రవారం ఉదయం తాయిఫ్‌లో దిగేసరికి పొగమంచు. అద్దె తోటలో తెలుగువాళ్ల సభ. మల్లేశం డప్పు కొడితే తడి అట్ట చప్పుడు. చర్మం మెత్తబడింది, సెగ చూపించాలి.

“ఇక్కడ నిప్పు పెడితే ఓనర్ ఊరుకోడండీ,” అన్నారు నిర్వాహకుడు ప్రసాద్ గారు, ఇంజినీరు. “అయినా ఫ్యామిలీస్ వస్తున్నాయి, డప్పెందుకు? ప్యాడ్ మీద నాలుగు సినిమా పాటలు కొట్టేయండి.”

“ప్యాడ్ మీద ఒక ఆల్బమ్ జేసి సూసినం సార్. డప్పు లేకుంటె బస్సెక్కుతం,” అన్నాడు మల్లేశం.

నేను అలవాటుకొద్దీ దూరాను. “సగం సినిమా, సగం మనది?”

“సేటూ, ఇది నీ దుకాణంల కందిపప్పు గాదు,” అని నన్ను కసిరాడు మల్లేశం.

చివరికి ప్రసాద్ గారు గడువు పెట్టారు: ఐదింటికల్లా డప్పు మోగకపోతే మా కార్యక్రమం రద్దు.

వీధి చివర తమీస్ రొట్టెల కొట్టు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాకే షట్టర్ లేచింది. పొయ్యి దగ్గరి అఫ్ఘానీ నవ్వాడు. “రోటీ లేనా హై, యా ఇసే పకానా హై?” రొట్టె కొంటారా, దీన్నే కాలుస్తారా అని. రొట్టెలు కొంటేనే సెగ అన్నాడు. అడిగినంతా ఇచ్చేశాను. నర్సింలు నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

మల్లేశం పొయ్యి నోటి ముందు డప్పును తిప్పుతూ, మధ్యమధ్య వేలితో మీటుతూ నిలబడ్డాడు. అది ఖణేల్‌మనగానే పిండి పిసికేవాడి చేతులు ఆ నడక అందుకున్నాయి.

సభలో మొదటి దెబ్బకే వెనక కూలీలంతా లేచారు. ముందు సోఫాల్లో కొందరు లేచి బయటికి నడిచారు. వాళ్లకు గేటుదాకా వినబడేలా కొట్టాడు మల్లేశం.

శనివారం తిరుగు బస్సులో ప్రసాద్ గారి ఫోన్. “మళ్లీ రావాలండీ. కాకపోతే డప్పు కాస్త తగ్గించి...” స్పీకర్‌లో ఉంది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

“సార్, మా నాయిన దుకాణంల ‘ఒకటే ధర’ బోర్డు ఎన్నడూ పెట్టలే. ఇయ్యాల నేను పెడుతున్న.”

మల్లేశం చల్లారిన తమీస్ తుంచి నా చేతిలో పెట్టాడు.

చలికాలం తాయిఫ్ వెళ్లేవారు స్వెటర్ పెట్టుకోండి. డప్పుతో వెళ్లేవారు ముందు రొట్టెల కొట్టు ఎక్కడుందో కనుక్కోండి. ఎవరెంత చెప్పినా ప్యాడ్ మాత్రం మోసుకెళ్లకండి.