బావకు తెలియని మానిటర్

మా బావకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి మరిచిపోయి ఆయనతో వాదనకు దిగి భంగపడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం పోయాక ఏడాదిపాటు ఖాళీగా కూర్చుని, డాక్టర్ల మాటల రికార్డింగులు విని టైపు చేసే పని సంపాదించాడు. కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తానే వేసుకున్నాడు. అది ప్రతి అక్షరాన్నీ చదివి చెబుతుంది, ఆయన ఇయర్‌ఫోన్లలో వింటాడు. ఆ గొంతు వాగే వేగానికి మనబోటివాళ్లకైతే పిచ్చెక్కుతుంది. మానిటర్ అవసరం లేదు కాబట్టి కొనలేదు.

మొదటి పని వచ్చింది, ఫలానా రోజు మధ్యాహ్నంలోగా పంపాలన్నారు. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. సరిగ్గా ఆ ఉదయమే కంప్యూటర్‌కు నోరు పడిపోయింది.

సౌండు బాగుచేయాలంటే అది ఏమంటోందో వినాలి. వినాలంటే సౌండుండాలి. ముందురోజు వేసిన అప్‌డేటే కొంప ముంచిందనుకుని, బావ గుర్తున్న కమాండ్లన్నీ కొట్టి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. చచ్చినా సాయం అడగని ఆ పెద్దమనిషి చివరికి నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మీ ఇంట్లో మానిటర్ ఉందిగా, పట్టుకురా. నువ్వు చదువు, నేను కొడతా."

దాన్ని చంకన పెట్టుకుని ఆదరాబాదరా వెళ్లాను. చూద్దును కదా, బల్ల వెనక అలమరలో ఒక మానిటర్ దర్జాగా వెలుగుతోంది.

"ఇక్కడ ఉందిగా బావా! నా నడుము విరగ్గొట్టడానికా రమ్మన్నావు?"

"ఏముంది?"

"మానిటర్."

బావ చెయ్యి చాపి తడిమాడు. కేబుల్ వేళ్లకు తగలగానే ఆయనకు అంతా అర్థమైపోయింది. ఆ కేబుల్ బొమ్మతోపాటు సౌండునూ మోస్తుంది. కొత్త మానిటర్ తగిలించగానే లినక్స్ మాటలన్నీ అటు పంపేసింది. దానికేమో స్పీకర్లే లేవు.

వంటింటి గుమ్మంలో మా అక్క ముఖాన నెత్తుటి చుక్క లేదు.

"నేనే పెట్టానండీ, నిన్న సాయంత్రం. ఆఫీసులో పాతవి తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నా. మీరు పని పంపేశాక చెబుదామనుకున్నా. సౌండు పోతుందని నాకేం తెలుసు?"

"నాకెందుకే మానిటర్?" బావ గొంతు లేచింది.

"మీకు కాదు, నాకు. పొద్దస్తమానం అవి చెవుల్లో పెట్టుకుంటారు. ఏం వింటున్నారో, ఏం రాస్తున్నారో నాకు తెలీదు. పక్కన కూర్చుని చూద్దామనుకున్నా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కేబుల్ పీకేస్తే సరిపోతుంది కదా అని నేను చెయ్యి వేశాను. బావ గట్టిగా పట్టుకుని ఆపాడు.

"పీకకు. దాన్ని ఉండనీ. సౌండు ఎటెళ్లాలో సెట్టింగుల్లో మారుద్దాం."

అక్కను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె కూడబలుక్కుంటూ ఒక్కో వరసా చదివింది, ఆయన కొట్టాడు. కాసేపటికి ఇయర్‌ఫోన్లలో గొంతు వచ్చింది. మధ్యాహ్నానికి ఇంకా వ్యవధి ఉంది.

హమ్మయ్య అనుకుని అక్క లేవబోయింది.

"ఎక్కడికి? చూద్దామనే కదా తెచ్చుకున్నావు, కూర్చో," అన్నాడు బావ.

పని పంపేదాకా అక్క ఆ కుర్చీలోంచి కదల్లేదు.